నొప్పి పోయింది.. ఇక నడక రావాలి!

తుంటి కీలు మార్పిడితో నొప్పి తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి అలవాటైన కుంటు నడక దానంతటదే పోదు. నడకను మళ్లీ నేర్చుకోవాల్సిందే. ఇందుకిప్పుడు ప్రత్యేక ట్రెడ్‌మిళ్లు, సెన్సర్లు, రోబో పరికరాలు, చివరికి చేతిలోని ఫోన్లు కూడా తోడ్పడుతున్నాయి. వీటిల్లో ఏది ఎవరికి ఉపయోగం? ఇవేవీ అందుబాటులో లేకపోతే ఇంట్లోనే ఏం చేయొచ్చు?

ఆపరేషనై మూడు నెలలైంది. కుట్లు మానిపోయాయి. ఎక్స్‌రే చూసి డాక్టర్ ‘కీలు చక్కగా కుదురుకుంది’ అన్నారు. రాత్రిపూట నిద్ర లేపే ఆ నొప్పి ఇప్పుడు లేదు. అయినా వరండాలో నాలుగడుగులు వేస్తే చాలు, ఇంట్లోవాళ్లు అడుగుతూనే ఉన్నారు- ‘ఇంకా కుంటుతున్నావేంటి?’ అని. మీకేమో మామూలుగానే నడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఎవరి మాట నిజం?

చాలాసార్లు ఇంట్లోవాళ్ల మాటే నిజం. అలాగని ఆపరేషన్ విఫలమైందని బెంగ పెట్టుకోవాల్సిన పనిలేదు. సర్జన్ కీలును మార్చారు గానీ నడిచే తీరును మార్చలేదు కదా. అది మనం చేసుకోవాల్సిన పని.

తుంటి కీలు మార్పిడి ఆధునిక వైద్యం సాధించిన పెద్ద విజయాల్లో ఒకటి. ఇంగ్లండ్‌కు చెందిన సర్జన్ జాన్ చార్న్లీ 1962లో లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో రూపొందించిన కీలే ఇప్పటి పద్ధతులకు పునాది. 2007లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం దీన్ని ‘శతాబ్దపు శస్త్రచికిత్స’ అనీ పేర్కొంది. మనదగ్గర ఇది పెద్ద వయసువారికే పరిమితం కాదు. తొడ ఎముక తలకు రక్తం అందక అక్కడి ఎముక చచ్చుబడిపోయే అవాస్క్యులర్ నెక్రోసిస్ మూలంగా 30, 40 ఏళ్ల వయసులోనూ చాలామందికి కీలు మార్చాల్సి వస్తోంది. దీర్ఘకాలం స్టిరాయిడ్లు వాడటం, అతిగా మద్యం తాగటం, సికిల్ సెల్ జబ్బు, తుంటి దగ్గర బలమైన దెబ్బలు.. ఇలాంటివన్నీ దీనికి దారితీస్తాయి. ఇలాంటివారు ఉద్యోగాలకు వెళ్లాలి. బస్సులెక్కాలి. పొలం గట్ల మీద నడవాలి. ఇంకా ఎన్నో ఏళ్లు ఆ కీలుతోనే బతకాలి. కాబట్టి నొప్పి తగ్గటంతోనే సరిపెట్టుకోవటానికి లేదు. నడకా బాగుండాలి.

కొత్త కీలు.. పాత అలవాటు

తుంటి అరిగిపోయినవారు ఒక్కరోజులో ఆపరేషన్ దాకా రారు. ముందు కొన్నేళ్ల పాటు నొప్పిని భరిస్తూ వస్తారు. ఆ కాలంలో మెదడు ఒక ఉపాయం నేర్చుకుంటుంది. నొప్పి ఉన్న కాలి మీద వీలైనంత తక్కువసేపు నిలబడి, గబుక్కున బరువును అవతలి కాలి మీదికి మార్చేస్తుంది. అడుగు చిన్నగా పడుతుంది. ఒళ్లు ఒకవైపునకు ఊగుతుంది. ఇలా రోజుకు వేల అడుగులు, ఏళ్ల తరబడి. చివరికి అదే మన నడక అయిపోతుంది.

ఆపరేషన్‌తో నొప్పి పోయినా ఈ పాఠాన్ని మెదడు మరచిపోదు. పైగా ఇన్నాళ్లూ సరిగా వాడకపోవటం వల్ల తుంటి చుట్టూ ఉండే కండరాలు సన్నబడి ఉంటాయి. కీలును చేరుకోవటానికి సర్జన్ కొన్ని కండరాలను పక్కకు జరపాల్సి, కొన్నిసార్లు కోసి తిరిగి కుట్టాల్సీ వస్తుంది. ఇవి కోలుకోవటానికీ సమయం కావాలి. అందుకే ఆపరేషనై ఏడాది గడిచినా చాలామంది నడక, అదే వయసు ఆరోగ్యవంతుల నడకతో పూర్తిగా సమానం కావటం లేదని అధ్యయనాలు చెబుతున్నాయి. కొత్త కీలు మీద భారం తగ్గించి, పాత కాలి మీదే ఎక్కువ భారం వేస్తున్నట్టు వీటిల్లో బయటపడింది.

‘నొప్పి లేదు కదా, కాస్త కుంటితే ఏమైంది?’ అనిపించొచ్చు. కానీ కుంటు నడక ఊరికే పోదు. నడుము, అవతలి తుంటి, అవతలి మోకాలు ఆ భారాన్ని మోయాల్సి వస్తుంది. నడిస్తే త్వరగా అలసట వస్తుంది. తూలి పడిపోతామేమోననే భయం పట్టుకుంటుంది. క్రమంగా పెళ్లిళ్లకు, సంతకు, గుడికి వెళ్లటం తగ్గిపోతుంది. నడవటానికే కదా ఆపరేషన్ చేయించుకుంది!

ఒంటికాలి మీద ఒళ్లంతా

నడుస్తున్నప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే, ఏ యంత్రం ఎందుకు వాడతారో తేలికగా అర్థమవుతుంది. ఒక కాలి అడుగును మొదటి నుంచి చివరి వరకు చూస్తే- సుమారు 60 శాతం సమయం పాదం నేల మీద ఉంటుంది. మిగతా 40 శాతం సమయం గాల్లో ఉంటుంది. ఒక కాలు గాల్లో ఉన్నంతసేపూ ఒళ్లంతా రెండో కాలి తుంటి మీదే నిలబడాలి. అంటే నడక అనేది ఒక రకంగా మాటిమాటికీ ఒంటికాలి మీద నిలబడటమే.

ఆ క్షణంలో నడుము అవతలి పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేది పిరుదు పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్ కండరం. పిల్లలు ఆడుకునే ఊగుడుబల్లను గుర్తు తెచ్చుకోండి. తుంటి బంతి దాని ఇరుసు. ఒంటి బరువు ఇరుసుకు దూరంగా ఒకవైపు కూర్చుంటే, ఈ కండరం ఇరుసుకు దగ్గరగా రెండోవైపు కూర్చుంటుంది. దగ్గరగా ఉన్నది సరితూగాలంటే ఎక్కువ బలంతో లాగాలి. అందుకే నడుస్తున్నప్పుడు తుంటి మీద పడే ఒత్తిడి ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్ల వరకు ఉంటుంది. ఇది ఊహించి చెప్పిన లెక్క కాదు. జర్మనీ పరిశోధకులు సెన్సర్లు అమర్చిన కృత్రిమ కీళ్లను రోగులకు అమర్చి, వాళ్లు నడుస్తుండగా కొలిచి తేల్చిన సంగతి.

ఈ కండరం బలహీనపడితే ఆపరేషన్ కాలి మీద నిలబడినప్పుడు నడుము అవతలివైపునకు జారుతుంది. లేదూ జారకుండా ఉండటానికి ఛాతీ మొత్తం ఆపరేషన్ కాలివైపునకు వాలుతుంది. జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే దీన్ని వివరించారు. ఇప్పటికీ డాక్టర్లు ‘ఒంటికాలి మీద నిలబడండి’ అని వెనక నుంచి పరిశీలించేది దీని కోసమే.

మనకు తెలియనిది చూపే అద్దం

అసలు చిక్కేంటంటే- ఈ తేడా నడిచేవారికి తెలియదు. ఏళ్ల అలవాటు కాబట్టి వంకరగా నిలబడటమే నిటారుగా నిలబడినట్టు అనిపిస్తుంది. ఫిజియోథెరపిస్టు ‘ఆపరేషన్ కాలి మీద ఇంకాస్త బరువు వేయండి’ అంటే, వేశామనే అనుకుంటాం. ఎంత వేశామో తెలియదు. సాంకేతిక పరిజ్ఞానం అసలు ఉపయోగం ఇక్కడే. తెలియని తేడాను అంకెగానో, రంగుగానో, శబ్దంగానో అప్పటికప్పుడు మన ముందు పెడుతుంది.

ఇందుకు రకరకాల పరికరాలున్నాయి. చెప్పుల్లో పరిచే పలుచటి సెన్సర్ అట్టలు ఏ పాదం మీద ఎంత బరువు పడుతోందో, మడమ మీద ఎంతో, ముందు పాదం మీద ఎంతో పట్టేస్తాయి. బరువు సరిపోకపోయినా, ఎక్కువైనా ‘బీప్’మని హెచ్చరిస్తాయి. కొన్ని ట్రెడ్‌మిళ్లలో బెల్టు కిందే ఒత్తిడిని కొలిచే పలకలుంటాయి. నడుస్తుంటే ఎదురుగా తెర మీద కుడి, ఎడమ కాళ్లకు రెండు గీతలు కనిపిస్తాయి. ఆ రెండూ సమానంగా ఉండేలా నడవటమే మన పని. నడుముకు, తొడలకు కట్టే అగ్గిపెట్టెంత సెన్సర్లు, కెమెరాలు అడుగు పొడవును, ఒళ్లు ఎటు వాలుతోందన్నదాన్నీ లెక్కగడతాయి.

ఒక జాగ్రత్త. ఎప్పుడూ తెర చూస్తూనే నడిస్తే, తెర ఉన్నంతసేపే నడక బాగుంటుంది. గది దాటగానే పాత అలవాటు తిరిగొస్తుంది. అందుకే మంచి ఫిజియోథెరపిస్టు మొదట్లో ప్రతి అడుగుకూ తెర చూపిస్తారు. తర్వాత నిమిషానికోసారి చూపిస్తారు. ఆ తర్వాత తెర ఆపేసి, ‘ఇప్పుడు రెండు కాళ్ల మీదా ఎంతెంత పడుతోందో మీరే చెప్పండి’ అని అడిగి, యంత్రంతో సరిచూస్తారు. లక్ష్యం ఒక్కటే.. యంత్రం చెప్పేది మన ఒంటికి తెలిసిరావటం.

బరువు తగ్గించే ట్రెడ్‌మిల్

కాలు ఒంటి బరువునంతా మోయలేకపోతున్నప్పుడు ఏం చేస్తాం? వాకర్ పట్టుకుంటాం. చేతుల మీద భారం వేస్తాం. ముందుకు వంగిపోయి, ఈడ్చుకుంటూ నడుస్తాం. అంటే కుంటు నడకనే ఇంకాస్త సాధన చేసినట్టు. మరి చేతులు వదిలేసి, నిటారుగా నడుస్తూనే కాలి మీద బరువు తగ్గించుకోగలిగితే?

బరువు తగ్గించే ట్రెడ్‌మిల్ చేసేది ఇదే. ఛాతీకి, నడుముకు పట్టీలు బిగించి, పైనున్న చట్రం నుంచి కొద్దిగా పైకి లాగి పట్టుకుంటారు. పడిపోతామనే భయం ఉండదు. కాలి మీద కొంత బరువే పడుతుంది. అందువల్ల అడుగు తీరుగా వేయటం కుదురుతుంది. బలం వస్తున్నకొద్దీ పట్టీ లాగటాన్ని తగ్గిస్తూ వస్తారు.

దీనిపై 2003లో ప్రచురితమైన ఓ జర్మనీ అధ్యయనం ఆసక్తికరమైంది. తుంటి మార్పిడి చేయించుకున్న 80 మందిని రెండు బృందాలుగా చేశారు. ఒక బృందం మామూలు ఫిజియోథెరపీతోనే కొనసాగింది. మరో బృందం అదే సమయంలో కొంత భాగాన్ని బరువు తగ్గించే ట్రెడ్‌మిల్ మీద నడవటానికి కేటాయించింది. సాగింది పది రోజులే. అయినా ట్రెడ్‌మిల్ బృందంలో గ్లూటియస్ మీడియస్ కండరం బాగా పనిచేసింది. రెండు కాళ్ల నడకలో తేడా తగ్గింది. వీళ్లు సగటున సుమారు 3 వారాల్లో చంక కర్రలు వదిలేస్తే, రెండో బృందానికి దాదాపు 8 వారాలు పట్టింది. ఏడాది తర్వాత చూసినా ప్రయోజనం నిలిచే ఉంది. ఇది ఒక్క అధ్యయనమేనన్నది నిజం. కానీ తొలి రోజుల్లో అడుగును తీరుగా వేయటం ఎంత ముఖ్యమో ఇది చెప్పకనే చెబుతోంది.

పట్టీలకు బదులు గాలితో పనిచేసే ట్రెడ్‌మిళ్లూ వచ్చాయి. వీటి వెనక చిన్న కథ ఉంది. అంతరిక్షంలో బరువు ఉండదు కాబట్టి వ్యోమగాముల ఎముకలు, కండరాలు బలహీనపడతాయి. గాలి ఒత్తిడితో వాళ్లను ట్రెడ్‌మిల్ మీదికి అదిమి పట్టే ఆలోచన 1990ల్లో నాసాలో పుట్టింది. దాన్నే తిరగేసి, భూమ్మీద మనుషులను పైకి లేపటానికి వాడుకున్నారు. ఆల్టర్‌జీ పేరుతో వచ్చిన ట్రెడ్‌మిల్ ఇలాంటిదే. ప్రత్యేకమైన నిక్కరు తొడిగి, ట్రెడ్‌మిల్ చుట్టూ ఉన్న సంచికి జిప్పుతో బిగిస్తారు. నడుము కింద గాలి నిండి ఒంటిని పైకి లేపుతుంది. ఒంటి బరువులో 20 శాతం మాత్రమే కాళ్ల మీద పడేంతవరకు తగ్గించుకోవచ్చు. మనదేశంలో పెద్ద నగరాల్లోని కొన్ని పునరావాస, క్రీడా వైద్య కేంద్రాల్లో ఇలాంటివి అందుబాటులోకి వచ్చాయి. ఏ ట్రెడ్‌మిల్ అయినా గాయం పూర్తిగా మానాక, సర్జన్ అనుమతించాకే ఎక్కాలి.

రోబో అంటే ఏ రోబో?

‘రోబోతో ఆపరేషన్ చేయించుకున్నాం, ఇక నడక దానంతటదే వస్తుంది’ అని కొందరు అనుకుంటారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. ఆపరేషన్ గదిలోని రోబో కృత్రిమ కీలును సరైన కోణంలో, సరైన చోట అమర్చుకోవటానికి సర్జన్‌కు తోడ్పడుతుంది. అంతవరకే దాని పని. కండరానికి బలం తెచ్చిపెట్టలేదు, కుంటు అలవాటును మాన్పించలేదు.

నడక నేర్పే రోబోలు వేరు. వీటిల్లో పెద్దది లోకోమాట్. స్విట్జర్లాండ్‌లో తయారైన ఇది ట్రెడ్‌మిల్ మీద రెండు కాళ్లనూ పట్టుకుని నడిపిస్తుంది. ముఖ్యంగా పక్షవాతం, వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసం రూపొందించింది. తుంటి మార్పిడి చేయించుకున్నవారిలో అత్యధికులకు దీని అవసరమే ఉండదు. ఎందుకంటే వాళ్ల కాళ్లు కదులుతాయి. కదిలే తీరు మారాలంతే.

మరో రకం ఒంటికి తొడుక్కునేవి. జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘హాల్’ ఇలాంటిదే. కాలు కదపాలని అనుకున్నప్పుడు కండరాలకు అందే సన్నటి విద్యుత్ సంకేతాలను ఇది చర్మం మీది నుంచే పసిగడుతుంది. వెంటనే మోటారు సాయంతో కాలిని కదిలిస్తుంది. అంటే మనం ప్రయత్నిస్తేనే అది సాయం చేస్తుంది. కీలు మార్పిడి తర్వాత ఇలాంటివాటిని వాడి చూసిన అధ్యయనాలు ఉన్నా, అవి కొద్దిమందితో చేసినవే. కాబట్టి ‘రోబో ఫిజియోథెరపీ తప్పనిసరి’ అని ఎవరైనా అంటే తొందరపడి నమ్మొద్దు. బాగా బలహీనంగా ఉన్నవారికి, రెండు తుంటులూ ఒకేసారి మార్చినవారికి, పక్షవాతంలాంటి సమస్యలూ తోడై ఉన్నవారికి ఇవి పనికి రావొచ్చు. మిగతావారికి శ్రద్ధగా చేసే వ్యాయామాన్ని మించింది లేదు.

ఇంటికే వచ్చే ఫిజియోథెరపీ

నగరంలో ఆపరేషన్ చేయించుకుని, ఊరికి వెళ్లిపోయేవారు ఎందరో. వారానికి రెండుసార్లు కారు మాట్లాడుకుని ఫిజియోథెరపీకి రావటం ఎంత కష్టం! చాలామంది మానేసేది ఇక్కడే. ఇలాంటివారికి వీడియో కాల్ ద్వారా వ్యాయామాలు చేయించటం మంచి మార్గం. ఆస్ట్రేలియాలో తుంటి మార్పిడి చేయించుకున్న 70 మందిపై చేసిన అధ్యయనం 2020లో ప్రచురితమైంది. ఆసుపత్రికి వచ్చి ఫిజియోథెరపీ చేయించుకున్నవారితో పోలిస్తే, ఇంట్లోనే ట్యాబ్ ద్వారా చేసినవారు ఏమీ వెనకబడలేదని అందులో తేలింది. డిశ్చార్జి అయ్యేటప్పుడే ‘వీడియోలో చూస్తారా?’ అని ఫిజియోథెరపిస్టును అడిగి పెట్టుకోండి. ఫోన్ నిలబెట్టేచోటు, నడవటానికి నాలుగైదు మీటర్ల ఖాళీ ఉంటే చాలు. మొదటి రెండు మూడుసార్లు ఇంట్లోవాళ్లు పక్కనుండాలి.

అడుగులు లెక్కబెట్టే గడియారాలు, ఫోన్లు ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నాయి. రోజూ ఎంత నడుస్తున్నామో తెలుసుకోవటానికి ఇవి బాగానే పనికొస్తాయి. కొన్ని ఫోన్లు నడుముకు దగ్గరగా పెట్టుకుంటే కుడి, ఎడమ అడుగుల మధ్య తేడానూ చూపిస్తాయి. కానీ అంకె మాయలో పడొద్దు. కుంటుతూ వేసిన ఐదు వేల అడుగుల కన్నా తీరుగా వేసిన వెయ్యి అడుగులే మేలు. నడిచాక ఆ రాత్రి కాలు వాచినా, మర్నాటికీ నొప్పి తగ్గకపోయినా ఎక్కువ చేశామని అర్థం.

యంత్రం లేదా? తూకం ఉందిగా!

ఖరీదైన సెన్సర్ అట్ట చేసే పనిలో కొంత భాగాన్ని ఇంట్లో బరువు చూసుకునే యంత్రాలతోనూ చేసుకోవచ్చు. పూర్తి బరువు వేయటానికి సర్జన్ అనుమతి ఇచ్చాకే ఇవి చేయాలి. పక్కన ఒకరు ఉండాలి.

• రెండు తూకాలు: ఒకేలాంటి రెండు యంత్రాలను వంటింటి గట్టు ముందు పక్కపక్కన పెట్టండి. ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టి నిలబడండి. వేళ్లు గట్టుకు ఊరికే ఆనించాలి. బరువు వేయకూడదు. కిందికి చూడకుండా ఎదురుగా చూస్తూ, సమానంగా నిలబడ్డామని అనిపించినప్పుడు ‘ఊఁ’ అనండి. అంకెలు పక్కవాళ్లు చదవాలి. మీ బరువు 64 కిలోలైతే రెండువైపులా 32 చొప్పున రావాలి. ఒకవైపు 38, ఆపరేషన్ కాలివైపు 26 వచ్చిందనుకోండి. మీకు సమానంగా అనిపించేది నిజానికి సమానం కాదన్నమాట! నెమ్మదిగా బరువు మార్చుతూ 32 ఎలా ఉంటుందో ఒంటికి తెలియనివ్వండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఒక్క యంత్రమే ఉంటే అంతే ఎత్తున్న కదలని చెక్కపలకను రెండో పాదం కింద పెట్టుకోవచ్చు.

• అద్దం, ఫోన్ వీడియో: నిలువుటద్దం వైపు నడిచి రండి. భుజాలు ఒకవైపు వాలుతున్నాయేమో చూడండి. వారానికోసారి వెనక నుంచి ఫోన్‌తో వీడియో తీయమనండి. నాలుగు వారాల వీడియోలు వరుసగా చూస్తే మార్పు మీకే తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టుకు పంపించటానికీ పనికొస్తుంది.

• అడుగుల చప్పుడు: చెప్పులతో గచ్చు మీద నడుస్తూ వినండి. సమానమైన నడక గడియారం ముల్లులా ‘టక్.. టక్.. టక్’మంటుంది. కుంటు నడకైతే ‘టక్-టక్.. టక్-టక్’ అని జంటలుగా వినిపిస్తుంది. ఫోన్‌లో తాళం వేసే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని దానికి తగినట్టు అడుగు వేయటం మంచి సాధన.

• కుర్చీ పరీక్ష: చేతులున్న ఎత్తు కుర్చీకి మూడు మీటర్ల దూరంలో నేల మీద ఒక టేపు అంటించండి. కుర్చీలోంచి లేచి, టేపు దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి పుస్తకంలో రాయండి. పెద్దవాళ్లకు 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడుతుంటే పడిపోయే ముప్పు ఉందని భావిస్తారు. తొలి వారాల్లో ఎక్కువే పడుతుంది. వారం వారం తగ్గుతుండటం ముఖ్యం.

ఆపరేషన్ సమయంలో ఎముక చిట్లినవారికి, పాత కృత్రిమ కీలును తీసి మళ్లీ మార్చినవారికి కొన్ని వారాల పాటు కాలి మీద కొంత బరువే వేయమని చెబుతారు. వీళ్లు సమానంగా వేయటానికి ప్రయత్నించకూడదు. సర్జన్ ఎన్ని కిలోలన్నారో అంతవరకే ఆగాలి.

ఎప్పుడు ఏం చేయాలి?

ఇప్పుడు చాలామందిని ఆపరేషన్ రోజునో, మర్నాడో వాకర్‌తో నిలబెట్టి నాలుగడుగులు వేయిస్తున్నారు. అప్పటి నుంచే పునరావాసం మొదలైనట్టు. తొలి రెండు వారాల్లో మడమలు కిందికీ పైకీ ఆడించటం, తొడ, పిరుదు కండరాలను బిగించి వదలటం, ఇంట్లోనే కొద్దికొద్దిగా నడవటం సరిపోతుంది. అడుగు చిన్నదైనా ఫర్వాలేదు. రెండు అడుగులూ సమానంగా ఉండాలి.

తర్వాత ఆరో వారం వరకు వాకర్ నుంచి చేతికర్రకు మారుతుంటారు. కర్రను ఆపరేషన్ కాలివైపు చేత్తోనే పట్టుకోవాలని చాలామంది పొరపడతారు. నిజానికి అవతలి చేత్తో పట్టుకోవాలి. ఆపరేషన్ కాలు, కర్ర ఒకేసారి ముందుకు పడాలి. ఊగుడుబల్ల లెక్క ప్రకారం అప్పుడే తుంటి మీద భారం బాగా తగ్గుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ కాలు ముందు పెట్టాలి. ‘కర్ర పట్టుకుంటే ముసలివాళ్లమని అనుకుంటారు’ అని త్వరగా వదిలేయటమే కుంటు నడక మిగిలిపోవటానికి ఒక ముఖ్య కారణం. కర్ర లేకుండా కుంటకుండా నడవగలిగినప్పుడే దాన్ని వదలాలి.

ఆరు వారాల నుంచి మూడు నెలల వరకు బలం పెంచుకునే కాలం. నిలబడి కాలిని పక్కకు ఎత్తటం, వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపటం, ఎత్తు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవటం, గట్టు పట్టుకుని ఆపరేషన్ కాలి మీద ఒంటికాలిపై నిలబడటం, పక్కకు నడవటం.. ఇవన్నీ ఫిజియోథెరపిస్టు చెప్పిన వరుసలో మొదలెట్టాలి. ట్రెడ్‌మిల్, తెర మీద శిక్షణ బాగా అక్కరకొచ్చేదీ ఈ సమయంలోనే. మూడు నెలలు దాటినా కుంటుతుంటే ‘ఇక ఇంతే’ అని వదిలేయొద్దు. కండరం ఏడాది వరకు బలపడుతూనే ఉంటుంది. ఆలస్యంగా మొదలుపెట్టినా మేలే.

కొందరికి ఆపరేషన్ కాలు పొడవైనట్టు అనిపిస్తుంటుంది. కండరాల బిగువు వల్ల, నడుము వంకరగా నిలబడటానికి అలవాటుపడటం వల్ల కూడా ఇలా అనిపించొచ్చు. చాలామందిలో కొద్ది నెలల్లో సర్దుకుంటుంది. సొంతంగా చెప్పు కింద అట్టలు పెట్టుకోకుండా ముందు సర్జన్‌కు చూపించుకోవాలి.

మన ఇళ్లలో జాగ్రత్తలు

నడక బాగుపడే లోపు కీలు తప్పిపోకుండా చూసుకోవాలి. వెనక నుంచి కోత పెట్టి కీలు మార్చినవారు తొలి వారాల్లో తుంటిని 90 డిగ్రీల కన్నా ఎక్కువ వంచటం, కాలు మీద కాలు వేసుకోవటం, కాలిని లోపలివైపునకు తిప్పటం చేయొద్దని చెబుతారు. ముందు నుంచి చేసినవారికి జాగ్రత్తలు వేరుగా ఉంటాయి. ‘నాకు ఎటు నుంచి చేశారు? నేనేం చేయకూడదు?’ అని సర్జన్‌ను అడిగి రాయించుకోవాలి. పక్కింటివాళ్లకు చెప్పినవే మనకూ వర్తిస్తాయని అనుకోవద్దు.

కింద బాసింపట్టు వేసుకుని భోజనం చేయటం, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, పల్లంగా ఉండే సోఫా, నవారు మంచం.. ఇవన్నీ సర్జన్ అనుమతించే వరకు మానాలి. ఎత్తు కమోడ్, ఎత్తు కుర్చీ ఆసుపత్రికి వెళ్లక ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. వాకిట్లో కళ్లాపి తడి, పట్టా అంచులు, కాళ్లకు అడ్డొచ్చే చార్జర్ తీగలు తీసేయండి. వేలి చెప్పులకు బదులు మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడండి. మోటారు బండి వెనక ఒకవైపు కూర్చుని ప్రయాణించటమూ అప్పుడే వద్దు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

• పిక్క వాచి, ముట్టుకుంటే నొప్పిగా ఉండటం. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.
• ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి. గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.
• జ్వరం, గాయం ఎర్రబడటం, రసి కారటం.
• ఒక్కసారిగా తీవ్రమైన నొప్పితో కాలు పొట్టిగా, పక్కకు తిరిగిపోయినట్టు కనిపించటం, నిలబడలేకపోవటం. కీలు తప్పినట్టు అనుమానించాలి.
• పాదం పైకి లేవకపోవటం, వేలాడిపోవటం.
• పడిపోవటం. నొప్పి లేకపోయినా చూపించుకోవాలి.

డబ్బు కట్టే ముందు అడగండి

అధునాతన పరికరాలతో శిక్షణ ఇచ్చే కేంద్రంలో చేరుతున్నారా? అయితే నాలుగు ప్రశ్నలు అడగండి. నా నడకలో ఉన్న లోపమేంటి, దాన్ని ఈ పరికరం ఎలా సరిచేస్తుంది? మొదటిరోజే నా నడకను కొలిచి రాసి ఇస్తారా, నెల తర్వాత మళ్లీ కొలిచి చూపిస్తారా? పక్కన ఫిజియోథెరపిస్టు ఉంటారా, యంత్రం ఆన్ చేసి వెళ్లిపోతారా? ఇంటి దగ్గర రోజూ చేయాల్సినవి నేర్పిస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పేచోటు ట్రెడ్‌మిల్ పాతదైనా మంచి ఫలితమే వస్తుంది. జవాబు చెప్పలేనిచోట ఎంత ఖరీదైన రోబో ఉన్నా ఒరిగేదేమీ ఉండదు.

వాకర్ నుంచి కర్రకు, కర్ర నుంచి ఉత్త చేతులకు మారటం ఒక్కరోజులో అయ్యే పని కాదు. కానీ ప్రతి వారం కొంచెం కొంచెంగా కనిపించే పని. ఈ సాయంత్రమే ఇంట్లో ఎవరినైనా వెనక నుంచి మీ నడకను వీడియో తీయమనండి. తేదీ వేసి దాచుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ‘ఇంకా కుంటుతున్నావేంటి?’ అని అడిగినవాళ్లకు చూపించటానికి అంతకన్నా మంచి జవాబు ఉండదు.